ఈ మచ్చ ఎవరి వైపుది?

పదో తరగతి నామినల్ రోల్స్ నింపే రోజుల్లో ఆంధ్రప్రదేశ్ హైస్కూళ్లలో ఒక చిన్న వేట సాగుతుంది. నర్సీపట్నంలోనూ అంతే. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాయడం అయ్యాక క్లాసు టీచరు తల ఎత్తకుండానే “మచ్చలు చెప్పరా” అంటారు. ఒకటి వెంటనే దొరుకుతుంది, మెడ మీదో మోచేతి దగ్గరో. రెండోదానికే తిప్పలు. చొక్కా చేతులు పైకి మడుస్తారు, కాలర్ వెనక్కి లాగుతారు, పక్క బెంచీవాడు “వీడి చెవి వెనకాల ఉందండీ” అని సాక్ష్యం చెబుతాడు. అక్కడా లేకపోతే, ఎప్పుడో సైకిల్ మీంచి పడ్డప్పటి గాటు ఆ గడిలోకి ఎక్కి, సర్టిఫికెట్ ఉన్నన్నాళ్లూ పుట్టుమచ్చగా చలామణి అవుతుంది.

అలా సర్కారు లెక్కలోకి ఎక్కకముందు ఆ మచ్చ మీద పెత్తనం ఇంట్లోవాళ్లది. బిడ్డ పుట్టిన రోజే పంచాయితీ మొదలవుతుంది. ముక్కు తండ్రిది, నుదురు మేనత్తది, వేళ్లు అమ్మమ్మవి అని పంచుకుంటూ వచ్చిన చుట్టాలు, తొడ మీద అరచేయంత నల్లమచ్చ కనబడగానే ఆగిపోతారు. “ఇది మా వైపు ఎవరికీ లేదమ్మా” అని ఎవరో ఒకరు అనేస్తారు. అందానికైతే రెండువైపులా హక్కుదారులే. మచ్చకి మాత్రం వారసుడు దొరకడు. దాని మీద వెంట్రుకలు కూడా ఉంటే, ఆ మాట పెళ్లి సంబంధాల దాకా వెంట వస్తుంది, ముఖ్యంగా పుట్టింది ఆడపిల్ల అయితే.

చిన్న మచ్చలకి ఈ బాధ లేదు. వాటికి మనవాళ్లు ఏనాడో మంచి జాతకం రాసిపెట్టారు. నాలుక మీద మచ్చ ఉన్నవాడు అన్న మాట జరుగుతుంది. అరికాల్లో ఉంటే విదేశీయానం. పై పెదవి మీద ఒకటి, వీపు మీద ఇంకొకటి, మగవాళ్లకి కుడి, ఆడవాళ్లకి ఎడమ అంటూ పుట్టుమచ్చల శాస్త్రం పేరుతో దొరికే చిన్న పుస్తకాల్లో ఒళ్లంతా పటం గీసినట్టు ఫలితాలు ఉంటాయి. అసలు మచ్చ లేనివాళ్లకి మనమే ఒకటి పెడతాం. పసిబిడ్డ బుగ్గ మీద, అరికాల్లో కాటుకతో దిష్టిచుక్క, పెళ్లికూతురికి బుగ్గచుక్క. సృష్టిలో ఉన్న మచ్చ తప్పు, మనం దిద్దిన మచ్చ శుభం! ఈ లెక్క ఎలా కుదిరిందో గాని బాగానే కుదిరింది.

మన పాత వైద్యం మాత్రం ఈ జాతకాల జోలికి పోలేదు. సుశ్రుత సంహిత క్షుద్రరోగాల కింద తిలకాలకం, మషకం, జతుమణి అని వేర్వేరు మచ్చలను చెప్పింది. నువ్వుగింజంత నల్లగా, చర్మంతో సమంగా, నొప్పి లేకుండా ఉండేది తిలకాలకం. పుట్టుకతో వచ్చి కాస్త ఉబ్బెత్తుగా ఉండేది జతుమణి. వాటిని కత్తితో తీసేసి క్షారంతోనో నిప్పుతోనో కాల్చమని చికిత్స కూడా రాసింది. ఆ క్షారం కాస్తా ఊళ్లలో సున్నంగా, నల్లజీడి రసంగా మిగిలింది. దాన్ని ముఖం మీద పెట్టించుకుని, మచ్చ పోయి అంతకు రెట్టింపు పుండు మచ్చతో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సుశ్రుతుడి కాలంలో ఇంకో దారి లేదు. మనకి ఉంది.

పెద్ద మచ్చకి, ఒంటి మీద వెంట్రుకలకి కారణం వెతికితే వేలు చివరికి తల్లి వైపే తిరుగుతుంది. కడుపుతో ఉండగా గ్రహణం వేళ గోక్కుందట, అందుకే బిడ్డకి సరిగ్గా అక్కడే మచ్చ పడిందట. గ్రహణం రోజున చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టడం, కత్తిపీట దాచేయడం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ఇదేదో మన వెనకబాటుతనమే అనుకోనక్కర్లేదు. ఫ్రాన్స్ రాజులకి శస్త్రవైద్యుడిగా చేసిన ఆంబ్రోయిజ్ పారే 16వ శతాబ్దంలో ఒక పుస్తకం రాశాడు. ఒళ్లంతా రోమాలతో పుట్టిన అమ్మాయి సంగతి చెప్పి, తోలు వస్త్రం కట్టుకున్న సెయింట్ జాన్ బొమ్మను తల్లి గర్భం దాల్చే వేళ తదేకంగా చూడడమే కారణమని అందులో తేల్చాడు. చూసినా తప్పే, గోక్కున్నా తప్పే. తండ్రి ఏం చూశాడో ఏ దేశంలోనూ ఎవరూ అడగలేదు.

తండ్రి వైపు వేలు చూపించిన మచ్చ, మచ్చ కాదుగాని వెంట్రుక, ఒకే ఒక్కటి ఉంది. ఆ కథ మన జిల్లాల్లోనే నడిచింది.

నర్సీపట్నం నుంచి తుని మీదుగా కాకినాడ వెళ్లేదారిలో పిఠాపురం వస్తుంది. ద్రోణంరాజు కృష్ణ 1937లో పుట్టింది అక్కడే. ఇరవై ఏళ్లు దాటీ దాటకుండానే కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర పరిశోధనకి చేరాడు. హాల్డేన్ మామూలు ప్రొఫెసర్ కాదు. డార్విన్ చెప్పిన పరిణామాన్ని, మెండెల్ చెప్పిన వారసత్వాన్ని లెక్కల్లో ఒకచోట కూర్చిన ముగ్గురు నలుగురిలో ఒకడు. 1957లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వదిలి, ఆ ఇన్‌స్టిట్యూట్ వ్యవస్థాపకుడు మహలనోబిస్ పిలిస్తే ఇండియా వచ్చేశాడు. లాల్చీ, ధోవతి కట్టాడు, మాంసం మానేశాడు, తర్వాత పౌరసత్వమూ తీసుకున్నాడు. పేద దేశంలో సైన్సుకి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదని, కళ్లు తెరుచుకుని చూసి లెక్కపెట్టినా చాలు ఎంతో తెలుస్తుందని ఆయన పట్టుదల. ఆ దారిలోనే ద్రోణంరాజు, ఏ రంగు లాంటానా పూల మీద ఏ సీతాకోకచిలుకలు వాలుతున్నాయో లెక్కపెట్టాడు. తర్వాత మగవాళ్ల చెవులు లెక్కపెట్టాడు.

చెవిదొప్ప అంచున గుబురుగా వెంట్రుకలు పెరిగే మగవాళ్లు మనకి కొత్త కాదు. “చెవులు కూడా చెయ్యనా బాబాయ్?” అని సెలూన్‌లో అడిగించుకోని నడివయసు వాళ్లు తక్కువ. చెవి మీద వెంట్రుకలుంటే అదృష్టం అనే నమ్మకమూ ఉంది కాబట్టి కొందరు కత్తెర వేయనివ్వరు. మదురైకి చెందిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు ఆంటొనీ విక్టర్‌కి 18.1 సెంటీమీటర్ల చెవి వెంట్రుకలతో గిన్నిస్ రికార్డే ఉంది. ఆయన పాఠం చెబుతుంటే వెనక బెంచీ వాళ్ల చూపు బోర్డు మీద ఉండేదంటే నమ్మడం కష్టం.

ద్రోణంరాజు చూసింది ఒక్కరి చెవి కాదు, కుటుంబాల చెవులు. ఆంధ్ర కుటుంబాల్లో తాతకి ఉంది, కొడుక్కి ఉంది, మనవడికి ఉంది. ఆడవాళ్లకి లేదు. కూతుళ్ల కొడుకులకీ రాలేదు. ఇలా ఉంటే జన్యుశాస్త్రం చదివిన ఎవరికైనా ఒక్కటే తడుతుంది, వై క్రోమోజోమ్. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళుతుంది, ఇంటిపేరు వెళ్లినట్టే. 1960లో హాల్డేన్ సంపాదకత్వంలోని జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో ఆ వంశవృక్షాలు అచ్చయ్యాయి. 1962లో గురుశిష్యులిద్దరి పేర్లతో అమెరికా పత్రికలో ఇంకో చిన్న వ్యాసం వచ్చింది.

చెవి వెంట్రుకల కోసం అంత హడావిడి దేనికి అనిపించవచ్చు. దానికి ముందు జరిగింది తెలిస్తే అలా అనిపించదు. అంతకు రెండు శతాబ్దాల వెనక, 1730ల తొలినాళ్లలో, ఇంగ్లాండ్‌లోని సఫక్ ప్రాంతం నుంచి ఎడ్వర్డ్ లాంబర్ట్ అనే కుర్రవాణ్ని రాయల్ సొసైటీ ముందు నిలబెట్టారు. ఒళ్లంతా గట్టి పొలుసులు, ముళ్లలా నిలబడిన చర్మం. జనం ‘ముళ్లపంది మనిషి’ అన్నారు. కొడుకులకీ మనవళ్లకీ అదే వచ్చింది. తరాల తరబడి కొడుకులందరికీ వచ్చిందని, ఒక్క కూతురికీ రాలేదని కథ ప్రచారమై, వై క్రోమోజోమ్ కనిపెట్టాక అదే దానికి గొప్ప ఉదాహరణ అయి కూర్చుంది. 1957లో అమెరికా మానవ జన్యుశాస్త్ర సంఘం అధ్యక్షుడిగా కర్ట్ స్టెర్న్ ఇలాంటి ఉదాహరణలన్నిటినీ వరసగా పరీక్షకు పెట్టాడు. మరుసటి ఏడాది బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త లయొనెల్ పెన్‌రోజ్‌తో కలిసి లాంబర్ట్‌ల ఊరి చర్చి రిజిస్టర్లు తిరగేస్తే సంగతి బయటపడింది. కూతుళ్లకీ వచ్చి ఉండాలి, కొడుకులందరికీ రాలేదు. అమ్మాయిలను జనంలో చూపించి డబ్బు చేసుకోలేదు కాబట్టి వాళ్లు కథలోకి రాలేదేమో అనిపిస్తుంది.

అలా ఒక్కొక్కటే రాలిపోయాక మిగిలిన ఆశ చెవి వెంట్రుకలే. ప్రపంచమంతా మన చెవుల వైపు చూసిన సందర్భం అది.

చూసినకొద్దీ చిక్కులు పెరిగాయి. 1964లో స్టెర్న్, సెంటర్‌వాల్, సర్కార్ ఇండియాతో పాటు ఇతర దేశాల మగవాళ్ల చెవులు కూడా పరిశీలించారు. వాళ్ల వ్యాసంలోని ఫోటోలు పాఠ్యపుస్తకాల్లో ఏళ్ల తరబడి అచ్చయ్యాయి గాని, వ్యాసం మాత్రం గట్టిగా అవునని చెప్పలేకపోయింది. ఈ వెంట్రుకలు పుట్టుకతో రావు. కొందరికి ఇరవైల్లో, చాలామందికి ఇంకా ఆలస్యంగా వస్తాయి. పాతికేళ్ల కొడుకు చెవి నున్నగా ఉంటే వంశవృక్షంలో ‘లేదు’ అని రాయాలా, ‘ఇంకా రాలేదు’ అని రాయాలా? నాలుగు వెంట్రుకలున్నవాణ్ని ఏ లెక్కలో వేయాలి? పోయిన తాత చెవి సంగతి ఎవరి జ్ఞాపకాన్ని నమ్మి రాయాలి? తాతకి లేకపోయినా, వంశం మాట వచ్చినప్పుడు ఉందనే చెప్పే మనవలుంటారు. హాల్డేన్ చేరిన కలకత్తా ఇన్‌స్టిట్యూట్ నుంచే వచ్చిన గణాంకవేత్త డి.సి. రావు 1970 ప్రాంతంలో ఈ లెక్కలు మళ్లీ తీశాడు. కథ ఒకే జన్యువుతో సరిపోతుందా, రెండు కలిసి పనిచేస్తున్నాయా అనే చర్చ నడిచింది.

చివరి మాట 2004లో వచ్చింది. ఇంగ్లాండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ జాబ్లింగ్ బృందం దక్షిణ భారతంలో చెవి వెంట్రుకలున్న మగవాళ్ల వై క్రోమోజోముల్ని డీఎన్ఏ గుర్తులతో పరీక్షించింది. ఈ లక్షణం ఆ క్రోమోజోమ్ మీద ఉంటే వీళ్లందరిదీ ఒకే శాఖ కావాలి. కాలేదు. చెవి వెంట్రుకలు లేనివాళ్లలాగే వీళ్లూ రకరకాల శాఖలవాళ్లు. కాబట్టి ఇందులో తల్లి ఇచ్చిన జన్యువులకీ వాటా ఉండి తీరాలి. మగ హార్మోన్లు ఉన్నచోటే అవి బయటపడతాయి, అందుకే కూతుళ్లలో కనపడకుండా దాగి ఉంటాయన్నది సబబైన వివరణ. ఇంత జరిగినా ఇంటర్ జువాలజీ గైడుల్లో, ఎంట్రన్స్ కోచింగ్ మెటీరియల్లో ‘చెవి వెంట్రుకలు — వై క్రోమోజోమ్’ అన్న బిట్టు ఈనాటికీ వస్తూనే ఉంది. పిల్లలు వై అనే టిక్కు పెడుతున్నారు. మార్కు పడుతోంది.

హాల్డేన్ ఈ చివరి మాట వినలేదు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో పోయాడు. తన శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకి ఇవ్వాలని వీలునామా రాశాడు. అలాగే ఇచ్చారు. ఒప్పు తేలినా తప్పు తేలినా ఆయనకి సరదాగానే ఉండేదని ఆయన రాతలు చదివినవాళ్లకి తెలుసు. శిష్యుడి పని కూడా తప్పని కొట్టేయడానికి లేదు. కళ్లతో చూసి తేల్చగలిగినంత తేల్చాడు. లోపల చూడగలిగే సాధనం నలభై ఏళ్ల తర్వాత వచ్చింది.

వెంట్రుకల వారసత్వం ఆడవాళ్ల ద్వారా కూడా నడుస్తుందని చెప్పే సాక్ష్యం నిజానికి ఇంకా ముందే ఉంది. అదీ మనవాళ్లు రాకపోకలు సాగించిన చోటే. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనేవారు. ఆ బర్మాలో, ఆవా రాజు కొలువులో, 1826లో అక్కడికి దౌత్యానికి వెళ్లిన జాన్ క్రాఫర్డ్‌కి ష్వే మావుంగ్ అనే మనిషి కనిపించాడు. ముఖంతో సహా ఒళ్లంతా మెత్తటి పొడవాటి రోమాలు, నోట్లో పళ్లు తక్కువ. అతని కూతురు మాఫూన్‌కి అవే లక్షణాలు వచ్చాయి, ఆమె సంతానంలోకీ దిగాయి. డార్విన్ 1868 నాటి తన పుస్తకంలో వెంట్రుకలకీ పళ్లకీ ఉన్న ఈ లంకెను ప్రస్తావించాడు. ఇది తల్లో తండ్రో ఒక్కరి నుంచి వచ్చినా చాలు కనబడే రకం. చాలా అరుదు. మెక్సికోలో పుట్టిన జూలియా పాస్ట్రానా ఇలాంటి ఒంటితోనే ఊరూరా ప్రదర్శనలకి తిరిగి 1860లో మాస్కోలో చనిపోతే, ఆమె శవాన్ని కూడా వదలకుండా దశాబ్దాలు చూపించారు. సొంత దేశంలో ఖననం జరిగింది 2013లో.

ఇవన్నీ వంశం వెంట నడిచిన కథలు. నర్సీపట్నం పురిటి గదిలో గొడవ రేపిన ఆ తొడ మీది నల్లమచ్చ ఈ జాబితాలోకి రాదు. మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ గమనించాల్సిన సంగతి అదే. అది ఎవరి వైపుదీ కాదు.

బిడ్డ ఒక్క కణంగా మొదలవుతాడు. అది రెండై, నాలుగై, కోట్లవుతుంది. ఆ దారిలో, తొలి వారాల్లో ఎప్పుడో, రంగునిచ్చే కణాలకి మూలమైన ఒక్క కణంలో ఒక జన్యువు అక్షరం మారుతుంది. మగ్గం మీద నేత మధ్యలో ఒక పోగు రంగు మారితే అక్కడినుంచి ఆ చార వేరుగా పడినట్టు, ఆ కణం సంతానం ఉన్నంతమేరా చర్మం వేరుగా తయారవుతుంది. అమ్మలో ఆ మార్పు లేదు, నాన్నలో లేదు, బిడ్డ మిగతా ఒంటిలోనూ లేదు. పుట్టుకతో వచ్చే పెద్ద నల్లమచ్చల్లో చాలావాటికి కారణం ఎన్ఆర్ఏఎస్ అనే జన్యువులో వచ్చే ఇలాంటి మార్పేనని 2013లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి డాక్టరు వెరోనికా కిన్స్‌లర్ బృందం చూపించింది. ఆ మచ్చ కణాలు వెంట్రుక కుదుళ్ల చుట్టూ కూడా చేరతాయి కాబట్టి దాని మీద వెంట్రుకలు ముదురుగా, మొరటుగా మొలుస్తాయి. గొరిగితే ఇంకా పెరుగుతాయన్నది వట్టి భయం.

2013లోనే ముఖం మీద ద్రాక్షరసం రంగులో పరుచుకునే ఎర్రమచ్చల గుట్టూ బయటపడింది. జీఎన్ఏక్యూ అనే జన్యువులో, అదీ ఆ మచ్చ ఉన్నచోటే, పుట్టకముందు వచ్చిన మార్పు. సోవియట్ నేత గోర్బచేవ్ నుదుటి మీద ఉన్నది ఈ జాతి మచ్చే. మొదట్లో కొన్ని అధికారిక చిత్రాల్లో దాన్ని చెరిపేసేవారు. ఇలాంటి ఎర్రమచ్చ పసిబిడ్డ నుదుటి మీద, కనురెప్ప మీద ఉంటే మాత్రం కంటి డాక్టరుకీ, పిల్లల డాక్టరుకీ చూపించాలి. కొందరిలో అదే మార్పు కంటి లోపలికి, మెదడు పొరల్లోకి కూడా వ్యాపించి ఫిట్స్, గ్లాకోమా వస్తాయి. ఎర్రమచ్చ పిల్లవాడికి ఫిట్స్ వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించి నెలలు పోగొట్టడం కంటే పెద్ద నష్టం ఇంకోటి లేదు.

ఇంటర్ హాస్టల్ నుంచి సెలవులకి వచ్చిన కొడుకు భుజం మీద కొత్తగా గోధుమరంగు మచ్చ చూసి “హాస్టల్ నీళ్లు పడలేదురా” అనుకునే తల్లులున్నారు. ఏడాది తిరిగేసరికి దాని మీద వెంట్రుకలొస్తాయి, అదీ ఒక్క భుజం మీదే. చికాగో డాక్టరు శామ్యూల్ బెకర్ 1949లో వర్ణించిన మచ్చ ఇది. ఇదీ పుట్టకముందు ఒక్కచోట వచ్చిన మార్పే. యుక్తవయసు హార్మోన్లు తగిలేదాకా దాగి ఉంటుందంతే. నీళ్ల తప్పేమీ లేదు. పుట్టగానే నడుం కింద కనిపించే నీలిమచ్చకి ఈ మాత్రం కూడా కంగారుపడక్కర్లేదు. రంగు కణాలు చర్మంలో లోతుగా ఉండిపోవడం వల్ల అది నీలంగా కనబడుతుంది. మన పిల్లల్లో ఎక్కువమందికి ఉంటుంది, కొన్నేళ్లలో మాసిపోతుంది. అమెరికాలో ఉండే తెలుగు దంపతులు మాత్రం డేకేర్‌లో చేర్చేముందు దీన్ని పిల్లల డాక్టరు చేత రికార్డులో రాయించుకోవడం మంచిది. కమిలిన దెబ్బ అనుకుని తల్లిదండ్రుల్ని అనుమానించిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

మరి ‘ఎవరి వైపు’ అనే ప్రశ్న పూర్తిగా తప్పా? కాదు. అడగాల్సిన చోట మనం అడగం. ఈడొచ్చాక మేనమామకి ఇవ్వాలనో, మేనబావ ఉన్నాడనో సంబంధం కుదిర్చేటప్పుడు రెండు వైపులూ ఒకటే కదా అని సంతోషిస్తాం. తిప్పలూ అక్కడే. ఒకే లోపం రెండువైపుల నుంచీ అందితేనే బయటపడే చర్మ జబ్బులున్నాయి. రంగే లేకుండా పుట్టే ఆల్బినిజంలో చాలా రకాలు అలాంటివే. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ ఇంకొకటి. ఎండ వల్ల డీఎన్ఏకి తగిలిన దెబ్బని కణం బాగు చేసుకోలేదు. రెండేళ్లు నిండకముందే ముఖం మీద, చేతుల మీద ఎండ తగిలినచోటల్లా మచ్చలు, తర్వాత చిన్న వయసులోనే క్యాన్సర్లు. అదే ద్రోణంరాజు, మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎంత ఎక్కువో, పిల్లల మీద వాటి ప్రభావమేమిటో లెక్కతీసి 1963లో ప్రచురించాడు. చెవి వెంట్రుకల వ్యాసం పాఠ్యపుస్తకాలకి ఎక్కింది. మేనరికాల వ్యాసం మన పెళ్లిచూపుల దాకా రాలేదు. రెంటిలో మనకి పనికొచ్చేది రెండోదే.

ఒక్క వైపు నుంచి వచ్చినా కనబడేవాటిలో తెలుసుకోవాల్సింది న్యూరోఫైబ్రోమాటోసిస్. పాలు కలిపిన కాఫీ రంగులో, అంచులు నున్నగా ఉండే మచ్చలు ఒకటీ రెండూ చాలామందికి ఉంటాయి. పర్వాలేదు. చిన్నపిల్లల ఒంటి మీద 5 మిల్లీమీటర్లు దాటినవి ఆరు గాని, అంతకు మించి గాని ఉంటే, చంకల్లో చిన్న చిన్న చుక్కలు కూడా ఉంటే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. సుమారు 3,000 మందిలో ఒకరికి ఉండే ఈ జబ్బులో నరాల మీద గడ్డలు, చూపు సమస్యలు, చదువులో వెనకబడటం రావచ్చు. ఇక్కడ తండ్రికో తల్లికో ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. కాని దాదాపు సగం కేసుల్లో అమ్మకీ లేదు, నాన్నకీ లేదు. ఆ బిడ్డలోనే కొత్తగా మొదలైంది. అంటే చెప్పుకోదగ్గ వంశపు జబ్బులోనూ సగం సార్లు ‘మా వైపు లేదమ్మా’ అన్న మాట రెండువైపుల నుంచీ నిజమే. దేని నుంచి వచ్చిందో తేల్చడానికి అత్తగార్ల వాదన అక్కర్లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, సీడీఎఫ్‌డీలో డీఎన్ఏ పరీక్షలు చేస్తారు. ముందు విశాఖ కేజీహెచ్‌లో చర్మ విభాగానికి చూపిస్తే ఎక్కడికి పంపాలో వాళ్లే చెబుతారు.

ఇక మామూలు నువ్వుగింజ మచ్చలు. సర్టిఫికెట్‌కి ఎక్కేవి ఇవే. ఇవి ఎక్కువగా పుట్టిన తర్వాత, చిన్నప్పటి నుంచి ముప్ఫైల దాకా వస్తూనే ఉంటాయి. వయసు పైబడ్డాక కొన్ని మాసిపోతాయి కూడా. పింఛను కాగితాల నాటికి పదో తరగతి మచ్చ ఉంటుందని భరోసా లేదు. వీటిలో ఎక్కువ భాగంలో బీఆర్ఏఎఫ్ అనే జన్యువు మారి ఉంటుందని 2003లో తెలిసింది. చర్మ క్యాన్సర్ మెలనోమాలో తరచూ కనిపించే మార్పే అది. మచ్చలో మాత్రం కణాలు కొంతదూరం పెరిగి ఆగిపోతాయి. తెల్లవాళ్లంతగా మనకి మెలనోమా రాదు. వస్తే మాత్రం ఎక్కువగా అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వస్తుంది. పాటగాడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి గోటి కింద మొదలైన ఇలాంటి క్యాన్సర్‌తోనే 1981లో 36 ఏళ్లకి పోయాడు. అరికాల్లో మచ్చ ఉన్నవాళ్లకి వీసా వస్తుందో రాదో గాని, అది పెరుగుతోందా, అంచు మారుతోందా, రక్తం కారుతోందా అన్నది చూసుకోవడం అవసరం. అరికాలు ఎవరూ చూసుకోరు. దిష్టిచుక్క పెట్టేటప్పుడు తల్లి చూసినదే చివరిసారి.

పురుడు పోసిన ఇంటివాళ్లకి ఒక్క మాట. బిడ్డ వీపు కింది భాగంలో, సరిగ్గా వెన్నెముక మీద, కుచ్చులా వెంట్రుకలు గాని, గుంట గాని, ఎర్రమచ్చ గాని ఉంటే అది తోక అనీ, హనుమంతుడి అంశ అనీ మురిసిపోయి ఊరుకోకండి. కొందరు పిల్లల్లో ఆ కుచ్చు కింద వెన్నెముక పూర్తిగా మూసుకోకుండా ఉంటుంది, వెన్నుపాము కింద అతుక్కుపోయి ఉంటుంది. పిల్లవాడు ఎదిగేకొద్దీ అది లాగబడి కాళ్లు బలహీనపడతాయి, మూత్రం మీద పట్టు పోతుంది. ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పసిపిల్లల్లో వెతకమన్న లోపాల జాబితాలో మొట్టమొదటిది ఈ వెన్నెముక లోపమే. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకి వీపు తిప్పి చూపించండి, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసిబిడ్డ ఎముక ఇంకా మెత్తగా ఉండగా, అంటే మొదటి మూడు నాలుగు నెలల్లో, మామూలు అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లోనే లోపల ఏముందో కనబడుతుంది. ఆ తర్వాత ఎమ్మారై కావాలి. అన్నవరంలోనో సింహాచలంలోనో పుట్టువెంట్రుకలు తీయించేదాకా ఆగకండి.